థేమ్స్ నదిపై విందు

నదిని చూస్తూ భోజనం చేయడం తెలుగువారికి క్రొత్త ముచ్చట కాదు. కార్తీకమాసంలో ఏటి ఒడ్డున ఉసిరిచెట్టు నీడలో విస్తళ్లు వేసికొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. పాపికొండలు చూడబోయే యాత్రికులకు లాంచీ మీదనే అన్నం వడ్డించే వాడుక గోదావరి మీద ఉన్నది. అయితే అది అడవుల నడుమ, కొండల చల్లదనంలో, పట్టపగలు జరిగే భోజనం. ఒక మహానగరం మధ్యలో, దీపాలు పెట్టే వేళ, ఓడ ఎక్కి బల్ల ముందు కూర్చుండి, ఆ నగరమే ఊరేగింపులాగా ఇరుప్రక్కలా కదలిపోతూ ఉంటే తీరికగా భోజనం చేయడం వేరొక విధమైన అనుభవం. పారిస్‌లో సేన్ నది మీద, బుడాపెస్ట్‌లో డాన్యూబు మీద, బ్యాంకాక్‌లో చావొ ప్రాయా మీద ఇటువంటి ఏర్పాట్లు ఉన్నవి. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచినది లండన్ నగరంలోని థేమ్స్ నదిని గురించి. ఆ నదినే ఎన్నుకోవడానికి కారణం లేకపోలేదు. థేమ్స్ మీద విందు ఎంత సొగసైనదో, దానికోసం ఆ నగరం చెల్లించిన వెల అంత పెద్దది. సొగసును మాత్రమే చెప్పి వెలను దాచడం శ్రోతలకు న్యాయం చేయడం కాదు.

ముందుగా నది స్వభావం చెప్పాలి. థేమ్స్ పెద్ద నది కాదు. దాని పొడవు సుమారు 346 కిలోమీటర్లు. మన గోదావరి పొడవులో నాలుగవవంతు కూడ లేదు. కాని దానికి ఒక విశేషం ఉన్నది. లండన్ సముద్రతీరాన లేకపోయినా, సముద్రమే రోజుకు రెండుసార్లు లండన్‌కు వస్తుంది. నగరానికి ఎగువన ఉన్న టెడింగ్టన్ వరకు పోటు ఎక్కుతుంది. పెద్ద పోటు రోజులలో లండన్ వంతెన వద్ద నీరు ఏడు మీటర్ల దాకా, అంటే రెండంతస్తుల మేడ ఎత్తున, లేచి దిగుతుంది. అందుచేత అక్కడి రేవులు నేలకు పాతుకొన్నవి కావు. మన పంటుల వలె నీటిపై తేలేవి. మధ్యాహ్నం వచ్చినవారికి రేవుకు దిగే బాట నిటారుగా ఉండవచ్చు. అదే బాట సాయంకాలానికి దాదాపు సమతలంగా కనిపించవచ్చు. నీరు తీసినప్పుడు ఒడ్డున రాళ్లు, బురద బయటపడతాయి. ఆ బురదలో రోమనుల నాటి పెంకులు, పాత పొగాకు గొట్టాలు దొరుకుతూ ఉంటాయి. వాటిని ఏరుకొనడానికి కూడ అనుమతిపత్రం కావాలి!

విందు ఓడలు కొన్ని పార్లమెంటు భవనం ప్రక్కనున్న వెస్ట్‌మినిస్టర్ రేవు నుండి, కొన్ని దిగువన ఉన్న టవర్ రేవు నుండి బయలుదేరుతాయి. వేళ రాత్రి ఏడు, ఎనిమిది గంటల ప్రాంతం. రాత్రి అన్నానే గాని, జూన్ మాసంలో లండన్‌లో సూర్యుడు తొమ్మిది దాటిన తరువాత అస్తమిస్తాడు. కనుక వేసవిలో విందు ఎండవెలుగులో మొదలై, సంధ్యలో సాగి, దీపకాంతిలో ముగుస్తుంది. శీతకాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. అప్పుడు మొదటినుండి చివరిదాకా దీపాలే. ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే, వేసవి విందులో నగరం కనిపిస్తుందని, చలికాలపు విందులో నగరపు కాంతి కనిపిస్తుందని చెప్పవచ్చును.

ఓడలు పొడవుగా, పొట్టి ఎత్తుగా, పైకప్పుతో సహా గాజుతో కట్టినవి. ఈ పొట్టి ఎత్తు అలంకారం కోసం కాదు. పోటు నిండుగా ఉన్నప్పుడు వంతెనల క్రింద ఖాళీ తగ్గిపోతుంది. ఏ గంటకు ఏ వంతెన క్రింద ఎంత చోటు ఉంటుందో సరంగుకు కంఠస్థమై ఉండాలి. ఈ సందర్భంలో ఒక వింత ఆచారం చెప్పుకోవాలి. ఏ వంతెనకైనా మరమ్మతు జరుగుతూ దాని క్రింది ఎత్తు తగ్గినప్పుడు, ఓడలవారికి హెచ్చరికగా ఆ కమాను నుండి ఒక గడ్డికట్టను వేలాడగట్టాలని పాత నిబంధన ఉన్నది. రాత్రి అయితే తెల్లని దీపం. 2023లో మిలీనియం వంతెనకు మరమ్మతు చేసినప్పుడు కూడ ఆ వంతెనకు గడ్డికట్టను కట్టారు. రాడార్లు, టెలిఫోనులు ఉన్న కాలంలో కూడ మన పొలం గట్టున కనిపించే గడ్డికట్టే కోట్ల ఖరీదైన ఓడకు దారి చెప్పడం చూస్తే నవ్వు వస్తుంది. ఆలోచిస్తే గౌరవం కలుగుతుంది.

లోపల తెల్లని గుడ్డ పరచిన బల్లలు, ప్రతి బల్ల ప్రక్క కిటికీ, ఒక మూల పియానో. విందు రెండున్నర మూడు గంటలు సాగుతుంది. తొలుత ఒక చిన్న వంటకం, తరువాత చేపగాని కోడిగాని మాంసంగాని ప్రధానమైన వంటకం, చివర తీపి, కాఫీ. ఓడలోని వంటగది చాల ఇరుకైనది గనుక కొంత పని ఒడ్డుననే ముగించుకొని వస్తారు. శాకాహారులమైన మనవారు టిక్కెట్టు కొనేటప్పుడే ఆ మాట చెప్పడం మంచిది. ముందు చెబితే ఆదరంగా వండి పెడతారు, నది మధ్యలో చెబితే చేయగలిగినది తక్కువ. ఇక రుచి సంగతి: కారం, పులుపు ఎరిగిన నాలుకకు అక్కడి భోజనం కొంత చప్పగా తోచవచ్చు. కాని ఈ విందుకు ఉప్పూకారం కిటికీలోనుండి వస్తాయి.

నది మీద సంగీతంతో కూడిన విందు లండన్‌లో ఇప్పటిది కాదు. 1717వ సంవత్సరం జూలై 17వ తేదీ సాయంకాలం మొదటి జార్జి రాజు వైట్‌హాల్ వద్ద నావ ఎక్కి, పోటు వెంట ఎగువకు చెల్సీదాకా వెళ్లాడు. ప్రక్కనే మరొక నావలో సుమారు ఏబదిమంది వాద్యగాండ్రు హాండెల్ అనే సంగీతవిద్వాంసుడు ఆ సందర్భానికై కూర్చిన సంగీతాన్ని వాయించారు. రాజుకు అది ఎంత నచ్చినదంటే మొత్తం సంగీతాన్ని మూడుసార్లు వినిపించుకొన్నాడు. చెల్సీలో భోజనం చేసి, తెల్లవారుజామున ఇల్లు చేరాడు. ‘జలసంగీతం’ అనే పేరుతో ఆ రచన ప్రపంచమంతటా ప్రసిద్ధమైనది. మీలో పాశ్చాత్య సంగీతం వినే అలవాటున్నవారు రేడియోలో దానిని వినే ఉంటారు. ఆనాడు రాజుకు మాత్రమే దక్కిన విలాసం ఈనాడు టిక్కెట్టు కొన్నవానికెల్ల దక్కుతున్నది.

ఓడ కదలి దిగువకు తిరుగుతుంది. ఆకుపచ్చ రంగు వేసిన వెస్ట్‌మినిస్టర్ వంతెన 1862 నాటిది. పార్లమెంటు దిగువసభలోని ఆసనాల రంగు అది. ఎగువనున్న లాంబెత్ వంతెనకు ప్రభువుల సభలోని ఎరుపు. ఎడమచేతి ప్రక్క పొడవుగా ఒక రాతి కరకట్ట సాగుతుంది. దానిపై చెట్లు, దీపస్తంభాలు, మోటారు బాట. నీటివైపు గోడకు వరుసగా కంచు సింహముఖాలు, వాటి నోట ఓడలు కట్టే ఉంగరాలు. ఈ సింహాలు నీరు త్రాగిననాడు లండన్ మునుగుతుందని ఊరివారి సామెత. కొంచెం ముందుకు పోతే మూడువేల నాలుగువందల ఏండ్ల నాటి ఈజిప్టు శిలాస్తంభం. దానిని తెచ్చేటప్పుడు, 1877లో, బిస్కే సముద్రంలో తుపాను చెలరేగి ఆరుగురు నావికులు ప్రాణాలు కోల్పోయారు. స్తంభం మాత్రం తేలుతూ దొరికినది.

చూసేవారి కన్ను స్తంభం మీద నిలుస్తుంది. కాని అసలు చూడదగినది ఆ కరకట్ట. చాలమంది విందుకు వచ్చినవారికి తెలియని సంగతి, వారు చూస్తున్న ఆ అందమైన బాట క్రింద నగరపు మురుగు ప్రవహిస్తున్నది.

ఆ కథ ఇది. పందొమ్మిదవ శతాబ్దం నడిమి కాలంలో లండన్‌లోని ఇండ్ల మురుగంతా నేరుగా థేమ్స్‌లో పడేది. ఆ నీటినే ప్రజలు త్రాగేవారు. 1832లోను, ఆ తరువాత మరి రెండు పర్యాయాలు కలరా వచ్చి వేలకు వేలు మరణించారు. 1848-49 సంవత్సరాలలోనే నగరంలో పద్నాలుగు వేలమందికి పైగా పోయారు. అయినా పని సాగలేదు. 1858 వేసవిలో ఎండ ముదిరి, నది నుండి లేచిన దుర్గంధం పార్లమెంటు భవనంలోనికి వచ్చినది. కిటికీ తెరలను సున్నపు మందు నీటిలో తడిపి వ్రేలాడదీశారు. సభ్యులు చేతిగుడ్డలు ముక్కుకు పట్టుకొని నడిచారు. చావులు కదిలించలేని ప్రభువులను కంపు కదిలించినది! కొద్దివారాలలో చట్టం వచ్చినది. జోసెఫ్ బజాల్‌జెట్ అనే ఇంజనీరు 82 మైళ్ల పెద్ద మురుగు సొరంగాలను ఇటుకతో కట్టి, మురుగు నగరం నడుమ నదిలో పడకుండ తూర్పుకు మళ్లించాడు. అందులో ఒక సొరంగాన్ని దాచుకొన్నదే 1870లో తెరచిన ఈ విక్టోరియా కరకట్ట. కరకట్ట మీదనే ఆయన స్మారకచిహ్నం ఉన్నది. నదికి సంకెలలు తొడిగినవాడని దానిపై లాటిను భాషలో చెక్కారు. విందు ఓడల నుండి దానిని చూసేవారు తక్కువ. చూస్తే ఒక్కసారి చేయెత్తి నమస్కరించవలసిన చోటు అది.

తరువాత వచ్చేది వాటర్లూ వంతెన. రెండవ ప్రపంచయుద్ధకాలంలో మగవారు సైన్యానికి పోగా, ఈ వంతెన పనిలో స్త్రీలు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. అందుచేత దీనిని ఆడవారి వంతెన అని నదిమీది సరంగులు చెప్పుకొనేవారు. ఈ వంతెన మొదట, ఎడమ ఒడ్డున, నీటిపై తేలే ఒక చిన్న కేంద్రం, దాని ప్రక్క నారింజ, నీలిరంగుల పడవలు కనిపిస్తాయి. అవి ప్రాణరక్షక నావలు. రాత్రింబగళ్లు మనుష్యులు సిద్ధంగా ఉండే చోటు అది. ఆ దేశంలో ఇటువంటి కేంద్రాలన్నింటిలోను ఎక్కువ పిలుపులు దీనికే వస్తాయి. ఎందుకు ఏర్పడినదో మరికొన్ని వంతెనలు దాటిన తరువాత చెబుతాను.

ఇంతలో చుట్టూ చీకటి పడుతుంది. ఎడమవైపు సెంట్ పాల్స్ దేవాలయపు గోపురం, 111 మీటర్ల ఎత్తున, తెల్లని కాంతిలో నిలుస్తుంది. దానికి ఎదురుగా కుడి ఒడ్డున పొడుగాటి ఇటుక చిమ్నీతో టేట్ మోడరన్ చిత్రశాల. ఒకప్పుడు అది విద్యుత్తు తయారుచేసే కేంద్రం. 2000లో కళాభవనంగా మారినది. రెంటిని కలిపే సన్నని నడకవంతెన మిలీనియం వంతెన. 2000 జూన్‌లో తెరచిననాడు జనం నడకకు అది ఉయ్యాలలాగా ఊగినది. రెండురోజులలో మూసి, ఊపును అణచే పరికరాలు అమర్చి, 2002లో మరల తెరచారు. దాని ప్రక్కనే షేక్స్‌పియరు కాలపు నాటకశాలకు నమూనాగా కట్టిన గ్లోబ్. వంతెనలకు దీపాలంకరణ కూడ ఈ మధ్యదే. 2019 నుండి 2021 వరకు తొమ్మిది వంతెనలకు, నీటి కదలికను తలపించేటట్లు మెల్లగా రంగు మారే దీపాలు అమర్చారు. కంటికి గ్రుచ్చుకొనని కాంతి అది.

ఈ సమయానికి బల్లల మీద ప్రధానమైన వంటకం వచ్చి ఉంటుంది. పియానో మీద పాట సాగుతూ ఉంటుంది. అప్పుడు ఓడ సదర్క్ వంతెన దాటి, కేనన్ వీధి రైలువంతెన దగ్గరకు చేరుతుంది. ఇక్కడ ఎవరూ ఆగరు. ఆగవలసిన చోటు ఇది.

1989 ఆగస్టు 20వ తేదీ, తెల్లవారుజామున రెండుగంటలు కావస్తున్నది. ‘మార్షియోనెస్’ అనే విలాసనౌక మీద ఒక జన్మదినపు విందు జరుగుతున్నది. ఎక్కినవారు దాదాపు నూటముప్పైమంది. అత్యధికులు యువకులు, యువతులు. ఆ నౌక 1923లో కట్టినది. 1940లో డన్‌కర్క్ తీరం నుండి సైనికులను తరలించిన చిన్న నావల దండులో చేరినది కూడ. అదే దిశలో ‘బౌబెల్’ అనే ఇసుక తోడే పెద్ద ఓడ దిగువకు వస్తూ వెనుకనుండి దానిని ఢీకొన్నది. విలాసనౌక అరనిముషం లోపుననే మునిగిపోయినది. 51 మంది మరణించారు. నడిసముద్రం కాదు. దీపాలు వెలుగుతున్న నగరమధ్యం, ఒడ్డు కూతవేటు దూరం. రెండు ఓడల మీదను ముందువెనుకలు సరిగా కనిపెట్టి చూసేవారు లేకపోవడమే కారణమని విచారణలో తేలినది. ఆ సమయంలో ఈ నది మీద ప్రమాదంలో పడినవారిని రక్షించడానికని ప్రత్యేకంగా నిలిపిన నావ ఒక్కటి లేదు. చనిపోయినవారి తల్లిదండ్రులు ఊరుకొనలేదు. ఏండ్ల తరబడి అడిగి, 2000లో బహిరంగ విచారణ సాధించారు. 2002 జనవరిలో థేమ్స్ మీద నాలుగు రక్షణకేంద్రాలు ఏర్పడినవి. మనం వాటర్లూ వంతెన వద్ద చూచినది వాటిలో ఒకటి. ఈనాడు విందు ఓడ ఎక్కేవారిని తలలు లెక్కపెట్టి ఎక్కిస్తారు. బయలుదేరగానే ప్రాణరక్షక కవచాలు ఎక్కడ ఉన్నవో చెబుతారు. ఆ ప్రకటన వినిపించే సమయంలో చాలమంది పానీయాల పట్టిక చూస్తూ ఉంటారు. ఆ నాలుగుమాటల వెనుక 51 మంది ఉన్నారని తెలిస్తే పట్టిక ప్రక్కన పెట్టి వింటారు.

లండన్ వంతెన వస్తుంది. పేరెంత పెద్దదో వంతెన అంత సాదా. ఇప్పటిది 1973లో తెరచినది. దానికి ముందున్న రాతివంతెనను 1968లో ఒక అమెరికా వ్యాపారికి అమ్మగా, అది ఇప్పుడు అరిజోనా ఎడారి ప్రాంతంలో నిలిచి ఉన్నది. అంతకు పూర్వం ఆరువందల ఏండ్లు నిలిచిన ప్రాచీన వంతెనకు ఇరుకైన కమానులు ఎక్కువ. అవి నీటి వేగాన్ని తగ్గించేవి. ఆ కారణాన చలి ముదిరిన ఏడు నది గడ్డకట్టేది. మంచు మీదనే అంగళ్లు వేసి, తిండ్లు వండి అమ్మేవారు. అటువంటి మంచుతిరునాళ్లలో చివరిది 1814లో జరిగినది. నది పై భోజనం అనడానికి అంతకంటె సూటి అయిన అర్థం లేదు గదా!

ఆ తరువాత ఎడమవైపు లండన్ దుర్గం. నీటిమట్టానికి దగ్గరగా కనిపించే చీకటి ద్వారం రాజద్రోహుల ద్వారం. ఖైదీలను పడవలో ఆ దారినే లోనికి తీసికొనిపోయేవారు. తెలుగువారు ఇక్కడ ఒక నిముషం తలచుకోవలసినది వేరే ఉన్నది. ఆ గోడల లోపల భద్రపరచిన రాజాభరణాలలో కోహినూరు ఉన్నది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరికినదని దానికి ప్రతీతి. రాయి ఒక నది ఒడ్డున కాంతిలో ఉన్నది. అది పుట్టిందన్న కొల్లూరు ప్రాంతం మరొక నది నీటిలో, పులిచింతల జలాశయం క్రింద ఉన్నది.

దుర్గం ప్రక్కనే టవర్ వంతెన. 1894లో తెరచిన ఈ వంతెన బాట రెండు తలుపులుగా పైకి లేస్తుంది. ఒక్కొక్క తలుపు బరువు వేయి టన్నులకు పైమాట. ఎత్తైన ఓడకు ఒకరోజు ముందు తెలిపితే చాలు, రుసుము లేకుండా తలుపులెత్తుతారు. బాట మీది మోటార్లన్నీ ఆగవలసినదే. నదికే మొదటి హక్కు. మన విందు ఓడ పొట్టిది గనుక తలుపులు ఎత్తే పని లేదు. నీలి దీపాల క్రింద నుండి జారిపోతుంది.

ఇక్కడినుండి నది వెడల్పవుతుంది. ఒడ్డున పాత గిడ్డంగుల వరుస. ఒకప్పుడు వాటిలో మన దేశపు తేయాకు, మిరియాలు, దాల్చినచెక్క నిండి ఉండేవి. ఇప్పుడు ధనికులు కాపురముంటున్నారు. గోడల మీద దాల్చిన పేరు, లవంగం పేరు మాత్రం మిగిలినవి. 1981 నాటికి నగరపు నౌకాశ్రయాలన్నీ మూతపడగా, ఆ చోటనే కేనరీ వార్ఫ్ ఆకాశహర్మ్యాలు లేచినవి. మలుపు తిరిగితే గ్రీనిచ్. ‘కట్టీ సార్క్’ అనే తెరచాప ఓడ, నావికుల భవనాల జంట గోపురాలు, కొండ మీద లోకానికంతకు కాలం నిర్ణయించిన నక్షత్రశాల.

గ్రీనిచ్‌కు, నదీ విందుకు పాత చుట్టరికం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో పార్లమెంటు సమావేశాలు ముగిసే వేళ మంత్రులు నదీమార్గాన ఇక్కడికి వచ్చి ‘వైట్‌బెయిట్’ విందు చేసేవారు. అవి నదిలోనే పట్టిన చిట్టి చేపపిల్లలు. పిండిలో పొర్లించి వేయించి గుప్పెళ్లతో తినేవారు. గోదావరి పాయల దగ్గర చీరమేను కోసం ఎదురుచూచేవారికి ఆ మోజు నేను వివరించనక్కరలేదు. ఆ మురిపెం క్రమంగా పోయినది. మంత్రుల అభిరుచి మారినందువలన మాత్రమే కాదు. నది చెడి చేప తగ్గినది.

ఎందుకు చెడినది? బజాల్‌జెట్ మురుగును నగరం నుండి తొలగించాడే గాని, శుద్ధి చేయలేదు. తూర్పున కొన్ని మైళ్ల దిగువన అది యథాతథంగా నదిలోనే పడేది. దాని ఫలితం 1878 సెప్టెంబరు 3వ తేదీ సాయంకాలం తెలిసినది. ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహారనౌక కుటుంబాలతో నిండి సముద్రతీరం నుండి తిరిగి వస్తూ, మురుగు వదిలే ఆ తావునకు దగ్గరలోనే, ఒక బొగ్గు ఓడ తాకి రెండుగా విరిగినది. ఆరువందలమందికి పైగా మరణించారు. ఈత వచ్చినవారు కూడ ఆ నీటిలో బ్రతకలేకపోయారు. ఎక్కినవారి పట్టిక అన్నది లేనందున మృతుల సంఖ్య ఇదమిత్థమని నేటికీ తేలలేదు. ఆ తరువాతనే మురుగులోని మడ్డిని వేరుచేసి ఓడలలో సముద్రానికి తరలించడం మొదలైనది. అంటే పొరుగింటి గుమ్మం ముందు పోసిన చెత్తను ఊరి చివరకు చేర్చారన్నమాట. యుద్ధకాలపు బాంబులకు మురుగు మార్గాలు దెబ్బతిన్నవి. 1957లో ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల శాస్త్రజ్ఞులు ఈ నదిలో జీవం లేదని చెప్పారు.

చచ్చిన నది మరల ఎట్లు బ్రతికినది? మంత్రం లేదు. శుద్ధికేంద్రాలను క్రొత్తగా కట్టారు. కర్మాగారాలపై కఠినమైన చట్టాలు పెట్టారు. వాటిని అమలు జరిపారు. 1974లో ఒక సాల్మన్ చేప థేమ్స్‌లో దొరికినప్పుడు అది పత్రికలకు పెద్దవార్త అయినది; 1833 తరువాత అదే మొదటిది. ఈనాడు నూరుకు పైగా చేపజాతులు ఈ నదిలో ఉన్నవి. ముఖద్వారం వద్ద సముద్రపు సీళ్లు పిల్లలను పెడుతున్నవి. అక్కడితో పని ముగియలేదు. నాలుగు మిలియన్ల జనానికి కట్టిన పాత సొరంగాలు తొంబది లక్షలకు చేరువైన నగరాన్ని మోయలేక, గట్టి వాన కురిస్తే నదిలోనికి పొంగేవి. అందుకని 25 కిలోమీటర్ల పొడవున, ఏడుమీటర్లకు పైగా వెడల్పుతో, నది క్రిందుగా మరొక మహాసొరంగం త్రవ్వి 2025లో పూర్తిగా వాడుకలోనికి తెచ్చారు. విందు ఓడ నీటిపై సాగుతూ ఉంటే నగరపు మురుగు ఆ నీటి అడుగున, వేరొక దారిన పోతున్నది.

కొన్ని ఓడలు గ్రీనిచ్ వద్ద మరలుతాయి. కొన్ని ఇంకా దిగువకు, థేమ్స్ వరదకట్ట దాకా పోతాయి. 520 మీటర్ల వెడల్పున, వెండి టోపీలు పెట్టుకొన్న స్తంభాల వరుస అది. 1953లో ఉత్తరసముద్రం పొంగి ఇంగ్లండులో మూడువందలమందికి పైగా మరణించిన తరువాత తలపెట్టి, 1984లో ప్రారంభించారు. నీరు పెచ్చుపెరిగే రాత్రి పది తలుపులు మూసికొని సముద్రాన్ని ఆపుతాయి. కరకట్ట మీది సింహాలు ఇంకా దప్పికతో ఉండడానికి కారణం ఈ తలుపులే.

మరలివచ్చే దారిలో పళ్లేలు తీసివేస్తారు, కాఫీ వస్తుంది, కొందరు నృత్యం చేస్తారు, కొందరు పైమెట్టుకు పోయి చలిగాలిలో నిలుస్తారు. అవే వంతెనలు, అవే దీపాలు. కాని కథ తెలిసినవానికి అవి మునుపటివలె కనిపించవు. అలంకారం అనుకొన్నదెల్ల అవసరం నుండి పుట్టినదని అర్థమవుతుంది.

శ్రోతలారా, మన నగరాలకు నదులు లేకపోలేదు. విజయవాడకు కృష్ణ ఉన్నది, రాజమహేంద్రవరానికి గోదావరి ఉన్నది, హైదరాబాదుకు మూసీ ఉన్నది. వీటిపై విహారనౌకలు, విందుశాలలు కావాలన్న ఉత్సాహం తరచు వినిపిస్తున్నది. మంచి ఉత్సాహమే. కాని 2017 నవంబరులో కృష్ణమీద, ఇబ్రహీంపట్నం వద్ద పవిత్రసంగమానికి పోతున్న పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై, కచ్చులూరు వద్ద, పాపికొండలకు బయలుదేరిన లాంచీ మునిగి నలుబదిమందికి పైగా పోయారు. వారు కూడ విహారానికి పోయినవారే. ఇక మూసీ సంగతి. 1908 వరదలో వేలమందిని పొట్టన పెట్టుకొన్న ఆ నది, ఈనాడు నగరపు మురుగును మోస్తూ వంతెన దాటేవారి చేత ముక్కు మూయిస్తున్నది. 1858లో పార్లమెంటు సభ్యులు పట్టుకొన్న చేతిగుడ్డ అదే.

ఇంటికి చుట్టాలను భోజనానికి పిలిచేముందు వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గుపెట్టడం మన ఆచారం. వంట సంగతి ఆ తరువాతనే. నది మీద విందుకు కూడ అదే వరుస. మొదట మురుగు దారి మళ్లించి శుద్ధి చేయడం, ఆ తరువాత ఎక్కినవారిని లెక్కించి వారి ప్రాణాలకు పూచీపడడం, కడపట బల్లలు పరచడం. లండన్ ఈ వరుసను తలక్రిందులుగా నేర్చుకొన్నది. అందుకు నూటయేబది ఏండ్లు, వందలకొలది ప్రాణాలు ఖర్చుపెట్టినది. మనం వారి వంటకాలు నేర్చుకోనక్కరలేదు. పులిహోర, గోంగూర మనకు చాలు. వారు ఆలస్యంగా నేర్చుకొన్న వరుసను ముందుగా నేర్చుకొంటే, మన నది మీద, మన కిటికీ ప్రక్క, నిర్భయంగా విస్తరి వేసికొనే సాయంకాలం మనకూ వస్తుంది.